మా బావ వేయని గళ్ళు

మా బావ పోయాడు. ఆ పొద్దున నేను మగ్గం మీద ఉన్నాను. మేనల్లుడు ఫోన్ చేసి, "మామా, నాన్న లేస్తలేడు" అన్నాడు. చేతిలోని ఎర్ర నూలు కింద పెట్టి పోయాను. వీధి మొదట్లోకే మా అక్క ఏడుపు వినిపించింది. నిద్రలోనే పోయాడట. వచ్చినవాళ్ళంతా మంచి చావు అన్నారు. నేను అనలేదు.

దినాలైన తర్వాత మా చేనేత సొసైటీ వాళ్ళు సంతాప సభ పెట్టారు. బావ ఫొటోతో పెద్ద ఫ్లెక్సీ కట్టారు. డిజైన్లకు ప్రాణం పోసిన మహానుభావుడని దాని మీద రాయించారు. సెక్రటరీ మాట్లాడుతూ కళ్ళు తుడుచుకున్నాడు. నన్ను పిలిచి, మైకు ఇచ్చే ముందు చెవిలో, జర రెండు ముక్కలు చెప్పి దిగమన్నాడు. నేను మైకు పట్టుకోలేదు. రెండు ముక్కల్లో అయ్యే మాట కాదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను. నాకు రాత అంతంతమాత్రం. తప్పులుంటే అక్షరాల్లో ఉంటాయి, సంగతిలో ఉండవు.

బావ అంటే మా అక్క భర్త. మేము వరంగల్‌లో జంపఖానాలు నేసేవాళ్ళం. నేల మీద పరుచుకునే మందపాటి నూలు జంపఖానాలు మీ ఇళ్ళలో ఉండే ఉంటాయి. వాటి మీద కనిపించే పువ్వయినా, నెమలయినా, అంచయినా అంతా చిన్న చిన్న గళ్ళే. ఏ గడిలో ఏ రంగు రావాలో గీసి ఇచ్చేది బావ. చూసి నేసేది నేను. మొదట్లో గళ్ళ కాగితం మీద రంగు పెన్సిళ్ళతో గీసేవాడు.

నేను బడికి పోలేదు. గుళ్ళకు, సంఘాలకు జంపఖానాలు ఇచ్చేవాళ్ళు దాని మీద తమ పేరు నేయించుకునేవారు. నాకేమో అక్షరం చూస్తే చెయ్యి ఆడేది కాదు. బావ ఆ పేరును గళ్ళలో దించి తెచ్చి నా ముందు పెట్టాడు. "అక్షరమని భయపడకు బామ్మర్దీ. అది గూడ బొమ్మనే. గళ్ళు చూసుకుంట పో" అన్నాడు. అట్లా పరాయివాళ్ళ పేర్లు నేసి నేసి నాకు అక్షరాలు వచ్చాయి. ఇప్పటికీ నా రాత నలుచదరంగానే ఉంటుంది. ఇది అచ్చువేసేవాళ్ళు నా కాగితం చూస్తే నవ్వుతారు. నవ్వనీ.

బావ మెత్తటి మనిషి కాదు. ఒక్క గడి తప్పినా అంతా విప్పించేవాడు. నేను తిట్టేవాడిని, తనూ తిట్టేవాడు, మా అక్క మధ్యలో చాయ్ పెట్టి పోయేది. అయితే తప్పు తన గీతలో ఉంటే మాత్రం మారు మాట లేకుండా ఒప్పుకునేవాడు. "గీత నాదైతే నాదంట. నాది కాని గీతకు నేను దస్కతు పెట్ట" అనేవాడు. ఈ మాట ఆయన నోట ఎన్నోసార్లు విన్నాను.

ఎక్కడికి పోయినా ఆయన కళ్ళు అంచుల మీదనే ఉండేవి. ఒకసారి మేడారం జాతరకు అందరం కలిసి పోయాం. గద్దెల దగ్గర జనం తోసుకుంటున్నారు, అక్క దండం పెట్టుకుంటోంది. బావ ముందు నిలబడిన ఒక ఆడమనిషి చీరను రెప్పవేయకుండా చూస్తున్నాడు. అక్క మోచేత్తో పొడిచింది. "తల్లిని మొక్కమంటే ఎవరి చీర చూస్తానవయ్యా?" "అంచు చూస్తాన. మనిషిని చూస్తలే." అక్క నమ్మలేదు. తిరిగి వచ్చేదాకా బస్సులో మాట్లాడలేదు. ఆ అంచు తర్వాత మా జంపఖానాల మీదకి వచ్చింది, చాలా ఇళ్ళకు పోయింది. అప్పుడు నమ్మింది.

సొసైటీకి ల్యాప్‌టాప్ వచ్చేనాటికి బావ జుట్టంతా నెరిసిపోయింది. కొత్తది కాదు, ఎవరో వాడి వదిలేసింది. ఇటుకలాగా బరువుండేది. ఈయన ముట్టుకోడని అందరూ అనుకున్నారు. పట్టుబట్టి నేర్చుకున్నాడు. నాకు మొదట్నుంచీ నచ్చలేదు, ఆ మాట మొహం మీదనే చెప్పాను. అయినా మా షెడ్డులోనే, మగ్గాల నడుమ పీట వేసి దాన్ని పెట్టాడు. కాగితం పోయి, స్క్రీన్ చూసి నేయడం అలవాటయింది.

కొన్నేళ్ళు బాగానే నడిచింది. ఆ తర్వాత ఒక ఎండాకాలం మధ్యాహ్నం స్క్రీన్ మీద డిజైన్ మారిపోసాగింది. తెలుపు ఉండాల్సిన చోట పచ్చ గళ్ళు, గులాబీ గళ్ళు. పైనుంచి కిందికి సన్నటి చారలు. బావ చెయ్యి అడ్డం పెట్టి నన్ను ఆపాడు. "నేసుడు ఆపు. ఇవి నాయి కావు" అన్నాడు. ల్యాప్‌టాప్ ఆపి, చల్లారాక మళ్ళీ పెడితే ఒక్క గడి కూడా తేడా లేదు. ఎండెక్కి అది వేడెక్కగానే మళ్ళీ అవే రంగులు.

ఆయనకు నిద్ర పట్టలేదు. ఫోన్లో వీడియోలు చూసి ఒక్కొక్కటే పట్టి చూశాడు. స్క్రీన్ మూత అటూ ఇటూ కదిపాడు, వైరు లూజేమోనని. కాదు. మా ఇంటికి మోసుకొచ్చి మా టీవీకి తగిలించాడు. టీవీలోనూ అవే చారలు వచ్చాయి. అంటే స్క్రీన్ తప్పు కాదు. పెన్‌డ్రైవ్‌లో వేసుకుని జిరాక్స్ షాపుకు పోయి డిజైన్ ప్రింటు తీయించాడు. ప్రింటులో ఒక్క మచ్చ లేదు. అంటే డిజైన్ తప్పూ కాదు. "డిజైన్ మంచిగున్నది, అద్దం మంచిగున్నది. నడుమ బొమ్మను మోసుకొచ్చే కార్డు పోయింది" అని తేల్చాడు. గ్రాఫిక్స్ కార్డు అంటారట. వెనక మూత విప్పితే ఫ్యాన్ నిండా మా మగ్గాల నూలు దుమ్మే, పిచ్చుక గూడు లాగా. ఊపిరాడక వేడెక్కి, ఆ వేడికి కార్డు దెబ్బతిన్నది. దుమ్మంతా తీస్తే కొన్నాళ్ళు నడిచి మళ్ళీ మొదలుపెట్టింది. షాపుకు పంపమని సెక్రటరీకి చెప్పాడు. నడుస్తూనే ఉంది కదా అన్నాడతను.

వేరే ఎక్కడైనా, ఒక ఆఫీసులోనో బడిలోనో, స్క్రీన్ మీద ఇట్లా రంగు గళ్ళు పడితే చిన్నపిల్లవాడు కూడా మిషన్ చెడిపోయిందంటాడు. మా దగ్గర రంగు గళ్ళే పని. ఇంకా మూత విప్పకముందు, బావ ఆ ప్రింటు కోసం జిరాక్స్ షాపుకు పోయినప్పుడే సెక్రటరీ షెడ్డుకు వచ్చాడు. స్క్రీన్ నిండా పచ్చ, గులాబీ. ముచ్చటపడ్డాడు. కొత్త డిజైన్ అదిరిందంటూ ఫోన్లో ఫొటో తీశాడు. అది డిజైన్ కాదు, మిషన్‌కు రోగం అని నేను చెప్పాను. "నువ్వు నీ నేసుడు చూసుకో కాకా" అని నవ్వి, ఆ ఫొటోను ఎవరో వ్యాపారికి పంపాడు. వ్యాపారికి తెగ నచ్చింది.

మర్నాడు పొద్దున్నే వచ్చి, ఆ డిజైన్ కావాలి, మగ్గాలన్నిటికీ ఎక్కిద్దాం అన్నాడు.

"అది నేను వెయ్యలే" అన్నాడు బావ.

"నీ ల్యాప్‌టాప్‌లనే తీసిన కాకా. ఇగో, చూడు."

"ల్యాప్‌టాప్ నాది కాదు, సొసైటీది. ఆ గళ్ళు గూడ దానియే."

ఇప్పుడు చూపించమన్నాడు సెక్రటరీ. పొద్దుటి పూట, మిషన్ చల్లగా ఉంది. స్క్రీన్ కడిగిన ముత్యంలాగా ఉంది. వేడెక్కేదాకా ఆగమన్నాడు బావ. అతను ఒక చాయ్ తాగేంతసేపు కూర్చుని లేచాడు. ఆ చాయ్ చల్లార్చుకుని తాగినా గళ్ళు కళ్ళారా చూసేవాడు. బావ ప్రింటు చేతిలో పెట్టి, అసలు డిజైన్ ఇది, చూసుకో అన్నాడు. సెక్రటరీ ప్రింటును, ఫోన్లో ఫొటోను పక్కపక్కన పట్టుకుని చూసి, జాలిగా నవ్వాడు. అంటే రెండు వేసి ఒకటి మర్చిపోయావన్నమాట అన్నాడు.

ఆ మాట మా వాడంతా పాకింది. పెద్దాయన తాను వేసిన డిజైన్ తానే గుర్తుపట్టడం లేదట. గళ్ళు వస్తాయట, పోతాయట, మిషన్‌కు రోగమట. డిజైన్ గీసేవాడికి గుర్తు పోయిందంటే ఇంకేం మిగిలింది? నేను కనిపించిన ప్రతివాడికీ చెప్పాను, ఆ గళ్ళు నేను కూడా చూశానని. వేలిముద్ర నిశానీ వేసేవాడి మాటకు విలువేముంటుంది? నేను నిశానీ వేయను, సంతకమే చేస్తాను. అయినా వాళ్ళ లెక్కలో నేను అంతే.

సెక్రటరీ మా మేనల్లుడికి ఫోన్ చేశాడు. వాడు సుబేదారిలో ఒక ఆఫీసులో పని చేస్తాడు. చెడ్డవాడు కాదు, భయస్తుడు. తండ్రిని దవాఖానకు తీసుకుపోయాడు. నేనూ వెంట పోయాను. బయట కూర్చున్నప్పుడు బావ కాలితో నేల చూపించి, "అగో, ఆ బండ తిరగేసి వేసిండ్రు" అన్నాడు. చూస్తే నిజమే. హాలంతా ఒకటే పువ్వు, ఆ ఒక్క బండ మీదనే తలకిందులు. రోజూ అంతమంది తొక్కి పోతారు, ఎవరూ చూసి ఉండరు. మేనల్లుడికి చూపించాను. వాడు ఫోన్ చూసుకుంటున్నాడు.

లోపల డాక్టరు అడిగాడు, కళ్ళ ముందు రంగు గళ్ళు కనిపిస్తున్నాయా అని.

"కళ్ళ ముందల కాదు సార్. ల్యాప్‌టాప్‌ల."

"ఇప్పుడు కూడా ఉన్నాయా?"

"ఇప్పుడెట్లుంటయి? ల్యాప్‌టాప్ తేలేదు గద."

డాక్టరు మేనల్లుడి వైపు చూశాడు. మేనల్లుడు తల దించుకున్నాడు. మరుపు రోగమని మందులు రాశారు. మనిషిని దవాఖానకు తీసుకుపోయారు. మిషన్‌ను ఒక్క రిపేరు షాపుకు తీసుకుపోలేదు. హన్మకొండలో ఏ సందులో చూసినా ఆ షాపులే.

ఆ మందులకు బావ పగలంతా జోగేవాడు. పలకరిస్తే ఆలస్యంగా పలికేవాడు. చూశారా, ముదురుతోంది అన్నారు. ఒంటరిగా బయటికి పోనియ్యలేదు. ఆయన పీట మీద డిగ్రీ చదివిన ఒక పిల్లవాడిని కూర్చోబెట్టారు. ఆ పిల్లవాడి తప్పేం లేదు. ఆ పచ్చ, గులాబీ ఫొటోను చూసి ఒక్కొక్క గడీ ఎక్కించి డిజైన్ చేశాడు. నన్ను నేయమన్నారు. నేను నేయలేదు. మా బావ వేయనిది నేను నేయనని చెప్పి మగ్గం దిగాను. వేరేవాళ్ళు నేశారు. నేను బావ పాత డిజైన్లే నేసుకున్నాను.

ఆ పిల్లవాడు వచ్చిన తర్వాత ఎండలు మళ్ళీ ముదిరాయి. ఒక మధ్యాహ్నం వాడు స్క్రీన్ చూసి, సార్, దీని గ్రాఫిక్స్ కార్డు పోయింది అన్నాడు. సెక్రటరీ సరేనన్నాడు. అంతే. మీటింగు పెట్టి కొత్త ల్యాప్‌టాప్ కొనాలని తీర్మానం చేశారు. నేను సభ్యుడిని, ఆ మీటింగులో ఉన్నాను. లేచి నిలబడి అడిగాను.

"మరి ఈ పిలగాన్ని ఏ దవాఖానకు తీస్కపోతాండ్రు?"

సెక్రటరీ, "అది వేరు కాకా" అన్నాడు. ఏం వేరో చెప్పమన్నాను. తర్వాతి విషయం చదివారు.

అక్కడి నుంచి తిన్నగా బావ దగ్గరికి పోయాను. కుర్చీలో జోగుతున్నాడు. భుజం పట్టి లేపి, కార్డు పోయిందని వాళ్ళే ఒప్పుకున్నారు బావా అని చెప్పాను. లేస్తాడు, అరుస్తాడు, సొసైటీకి పోదాం పదమంటాడు అనుకున్నాను. ఒక గడి తప్పితే మూర మూర విప్పించిన మనిషి.

"ఫ్యాన్‌ల నూలు ఇరికి ఉంటది. తీయమను" అన్నాడు.

అక్క చీర కొంగు నోట్లో పెట్టుకుని లోపలికి పోయింది. మేనల్లుడు ఆఫీసు నుంచి రాగానే వాడికీ చెప్పాను. వాడు విన్నాడు. "మందులు నడుమల ఆపొద్దన్నరు మామా. ల్యాప్‌టాప్ సంగతి వేరు, నాన్న సంగతి వేరు" అన్నాడు. వీడికీ వేరే.

మందుల వల్ల పోయాడని నేను అనను. నాకు తెలియదు, తెలియనిది చెప్పను. వయసుంది. కానీ ఆయన మాట నిజమని తేలిన తర్వాత కూడా, ఆ గడప తొక్కి, నువ్వన్నదే నిజమయ్యా అని చెప్పడానికి వాళ్ళలో ఒక్కడు రాలేదు. ఫ్లెక్సీ కట్టడానికి మాత్రం పొద్దున్నే నిచ్చెన తెచ్చుకుని వచ్చారు. సభలో అన్ని పొగడ్తల్లో ఆయన తెలివి తప్పలేదనే ఒక్క మాట లేదు. కావలసింది ఆ ఒక్కటే.

సభ నుంచి అక్క ఇంటికి పోయాను. ఆ ఇంట్లో తలుపులకు కాగితాలు అంటించి ఉన్నాయి. వంటిల్లు, దేవుడి అర్ర, బాత్రూం. మరుపు మనుషులు తికమక పడకుండా అట్లా పెట్టాలని దవాఖానలో చెప్పారట, మేనల్లుడు ఆఫీసులో ప్రింటు తీసి అతికించాడట. తాను కట్టుకున్న ఇంట్లో బాత్రూం ఎక్కడుందో మా బావకు కాగితం చెప్పాలా? ఒళ్ళు మండింది. బాత్రూం కాగితం పీకేద్దామని చెయ్యి వేశాను.

"ఆగు తమ్మీ" అంది అక్క. "దాన్ని పీకకు. పిలగాడు ఆఫీసుకు పోయే తొందర్ల వంకరగ అంటిచ్చి పోయిండు. ఆయన కుర్సీల కూసోని కూసోని దాన్నే చూసిండు. లేసి, నీళ్ళతోటి తడిపి, ఊడదీసి, స్కేలు పెట్టి సక్కగ పెట్టుకున్నడు."

దగ్గరికి పోయి చూశాను. తలుపు మీద పాత జిగురు మరక ఒక పక్కకు ఒరిగి ఉంది. దాని మీద కాగితం, తలుపు అంచుతో వెంట్రుక తేడా లేకుండా, నిటారుగా.