మంచం కోడుకు కట్టిన మైకు

మోకిలలో కొత్తిల్లు కొనుక్కున్న మా తమ్ముడి కొడుకు, పైగదిని పాటలు రికార్డు చేసే గదిగా మార్చుకున్నాడు. గోడల నిండా నల్లటి స్పాంజి అతికించి, తలుపు మూసి, "అత్తా, ఏదన్న పాడు" అన్నాడు. కొత్త స్పాంజి వాసన ముక్కుకు తగలగానే నాకు చెమటకు తడిసిన గొంగడి వాసన గుర్తొచ్చింది. గొర్రెల వాసన తలచుకుని కళ్ళనీళ్ళు పెట్టుకునే ఆడది లోకంలో నేనొక్కదాన్నేనేమో. ఏం చేయను, ఎస్తేరవ్వ గుర్తొస్తే ఆ వాసనతోనే వస్తుంది.

ఎస్తేరవ్వ మొయినాబాదులో మా పక్కింటావిడ. చిన్నప్పుడు తల్లి వెంట నాట్లు వేసింది, పెద్దయ్యాక మిషన్ దవాఖానలో నర్సుగా చేసింది. ఆదివారం చర్చిలో ఆమె గొంతెత్తితే పాస్టరుగారు తన గొంతు తగ్గించుకునేవారు. దేశం విడిచిపోతూ దొరసాని డాక్టరు ఆమెకు మైకుతో సహా ఒక టేపు రికార్డరు ఇచ్చిపోయింది. మా ఊళ్ళో అందరూ దాన్ని దూరంనుంచే చూసేవాళ్ళు. ఆమె మాత్రం దాన్ని బియ్యం డబ్బా మీద పెట్టుకుని, అన్నం వండుతూ ప్రార్థన పాటలు వినేది.

ఆ రోజుల్లో నేను పాట మానేసి ఉన్నాను. రేడియోలో పాడాలని ఆశపడి పట్నం వెళితే, పరీక్ష చేసిన పెద్దమనిషి గొంతు బాగుందన్నాడు, మాటే బాగాలేదన్నాడు, ముందు మంచి తెలుగు నేర్చుకుని రమ్మన్నాడు. ఆ సంగతి నాకంటే ముందే ఊరు చేరింది. ఆ తర్వాత నాట్లలో కూడా నేను నోరు విప్పలేదు. తోటి ఆడవాళ్ళు కొన్నాళ్ళు చూసి, ఇంకొకరిని పాట ఎత్తుకోమన్నారు. అది నాకు పట్నం మాటకంటే ఎక్కువ తగిలింది. ఎస్తేరవ్వ నన్ను ఓదార్చలేదు.

"ఆయన ముంగట ఒక్కదానివే పాడినవు బిడ్డా. ఈసారి నీ ఎనక అందరిని పెట్టి టేపుల పట్టి పంపుదాం. అప్పుడు గూడ ఒద్దంటె, పాట బంద్ చేద్దువు."

అది అరవైతొమ్మిది ఎండాకాలం, తెలంగాణ ఉద్యమం జోరుగా నడుస్తోంది. బడులు మూతబడ్డాయి. బస్సు వస్తే వచ్చినట్టు, లేకపోతే లేదు. పట్నంలో రికార్డింగు గదికి పోయే దారీ లేదు, పోయినా కిరాయి కట్టే తాహతూ లేదు. అందుకని ఎస్తేరవ్వ తన ఇంటి వెనక అర్రలోని కట్టెలన్నీ బయట పడేసింది. ఖాళీ అర్రలో పాడితే బావిలోంచి పాడినట్టు వినబడింది. గొర్రెలు కాసే మల్లయ్య కాకను గొంగళ్ళు అడిగింది. ఎండాకాలం గొంగడి అడిగేది నువ్వొక్కదానివే అని నవ్వుతూనే, చుట్టాల ఇళ్ళలోవి కూడా పోగుచేసి ఇచ్చాడు. గోడలకు గొంగళ్ళు, కిటికీకి గడ్డి కుక్కిన గోనెసంచులు. లోపల ఉడికిపోయేవాళ్ళం కానీ, బావి మాత్రం పోయింది.

ఇక మిగిలింది పక్కింటి సాయిలు కోడిపుంజు. నాట్లేసే ఆడవాళ్ళమంతా చేరి పల్లవి ఎత్తుకోగానే అది కూడా ఎత్తుకునేది. ఎస్తేరవ్వ అడిగినంత ఇచ్చి దాన్ని కొని, కూర వండి, సాయిలునే భోజనానికి పిలిచింది. అతను కూర భలే ఉందని రెండోసారి కూడా వడ్డించుకున్నాడు.

అయినా పాట కుదరలేదు. మైకు ముందు అందరం చర్చిలో నిలబడినట్టు చేతులు కట్టుకుని పాడాం. టేపు తిప్పి వింటే రాగం సరిగానే ఉంది కానీ ప్రాణం లేదు. ఆ రేడియో ఆయన చెప్పింది నిజమే, మనకు రాదు అని నేను లేచాను. ఎస్తేరవ్వ మళ్ళీ టేపు తిప్పి, కళ్ళు మూసుకుని విన్నది. తర్వాత నులక మంచం తెచ్చి తలకిందులు చేసి, పైకి లేచిన కోడుకు మైకు కట్టింది. అది మా మోకాళ్ళ ఎత్తుకు వచ్చింది.

"ఈ పాట నిలబడి ఎవరన్న పాడిన్రా? కొంగులు చెక్కుండ్రి, వంగుండ్రి. నారు చేతుల ఉన్నదనుకొని నాటుకుంట పాడుండ్రి."

మొదట సిగ్గుతో నవ్వుకున్నాం. వంగి, ఒట్టి నేల మీద నాటు వేస్తూ వెనక్కి అడుగులు వేసేసరికి ఊపిరి దాని చోటికి అది వచ్చింది. మాట ఎక్కడ తెగాలో అక్కడ తెగింది. నేనెత్తుకుంటే వెనక వాళ్ళు అందుకున్నారు. పాట అయిపోయాక కూడా ఎవరమూ నడుం ఎత్తలేదు.

బస్సుల్లేవని, చేవెళ్ళనుంచి పట్నం పోయే టమాటాల లారీ ఎక్కి, టేపును ఒళ్ళో పెట్టుకుని ఎస్తేరవ్వే వెళ్ళింది. ఇది ఏ రికార్డింగు గదిలో తీశారని రేడియోవాళ్ళు అడిగితే, మా ఇంటి వెనక అర్రలో అని చెప్పిందట. వాళ్ళు నమ్మలేదట.

వానలు పడ్డాక ఒక సాయంత్రం పంచాయతీ రేడియోలో మా పాట వచ్చింది. మా మాట, ఒక్క అక్షరం దిద్దకుండా. చిలుకూరు పోతూ ఆగిన ఒకాయన, ముందు పాడుతున్నదెవరని అడిగాడు. అందరికీ తెలుసు, అయినా ఎవరూ చెప్పలేదు. ఎస్తేరవ్వ నా వైపే చూస్తోంది.

"నేనే" అన్నాను.

మర్నాడు నాట్లలో ఎవరూ నన్ను పాడమని అడగలేదు. అందరూ వంగి, నాకోసం ఆగారు. నేనెత్తుకున్నాను. ఆ తర్వాత ఎన్ని సభల్లో పాడానో. ఎక్కడికి వెళ్ళినా మైకును మోకాళ్ళ దాకా దించమంటాను. మైకువాళ్ళు నిలబడమంటారు, జనం నవ్వుతారు. నేను కొంగు చెక్కుకుని వంగుతాను. పాట మొదలయ్యాక ఇంతవరకు ఎవ్వరూ నవ్వలేదు.