నడుము దగ్గర కుట్టు

మా మేనత్తకు వీధి పెట్టిన పేరు సూదత్త. చేతిలోనూ సూదే, నోరూ సూదే. ఆ శనివారం ఆవిడ మిషను తొక్కుతున్న జోరు చూస్తే పెళ్ళివారిల్లు అనుకోవాల్సిందే. మర్నాడు ఆవిడ చిన్న కూతురు చర్చి పూజలో ఫాదరుగారిచ్చే అప్పం, దివ్యసత్ప్రసాదం, మొదటిసారి తీసుకుంటోంది. పిల్ల పక్కన నిలబడి తనూ తీసుకోవాలని అత్త తహతహ. దానికి ముందు ఫాదరుగారి దగ్గర తన పాపాలు ఒప్పుకుని పాపసంకీర్తనం చెయ్యాలి. చేసి ఏళ్ళయింది. ఫాదరుగారు చర్చిలో సాయంత్రం దాకానే ఉంటారు.

తెల్లగౌనుకు గుండీలు కుడుతూ పైకే ఆత్మశోధన మొదలుపెట్టింది.

"మీ మామయ్య ఊరికే నామీద అరుస్తాడు. పక్కింటావిడ చెత్తంతా మన గుమ్మంలోకే ఊడుస్తుంది..."

"అత్తా, అవి వాళ్ళ పాపాలు. నీవి చెప్పు."

"వస్తున్నానే! వాళ్ళమీద కోపం తెచ్చుకున్నానా, అక్కడ నాది మొదలవుతుంది."

గురివింద గింజ సామెత ఊరికే పుట్టలేదు. నేను పడీపడీ నవ్వుతుంటే అత్త చేతిలో సూది ఆగింది.

"ఒకటుందే," అంది గొంతు తగ్గించి. "మేడమీదుండే మా తోటికోడలు తమ్ముడి పెళ్ళికి తనకో పట్టుగౌను కుట్టమంది. ఆ వారమే మా అత్తగారు అందరిముందూ దాన్ని మెచ్చుకుంది. నాకు ఒళ్ళు మండింది. కావాలనే నడుము దగ్గర బిగించి కుట్టాను. పెళ్ళిరోజు హుక్కులు పడలేదు. ‘ఒళ్ళు చేశావు చెల్లీ’ అన్నాను, నలుగురిలో. ఆనాటినుంచీ అది రాత్రి భోజనం మానేసింది."

నాకు నవ్వు ఎగిరిపోయింది. "ఫాదరుగారితో చెప్పేస్తే సరిపోదా?"

"ఆయన చెవిలో ఊది చేతులు దులుపుకు రానా? పద!"

చెప్పుల్లేకుండానే మెట్లెక్కింది. వెనకే నేను. తోటికోడలు మొహం తిప్పుకుంటే ఈవిడ చర్చికి వెళ్ళదు, రేపు పిల్ల ఒక్కతే ముందుకు వెళుతుంది.

తలుపు తీయగానే అత్త గుక్కతిప్పుకోకుండా అంతా చెప్పేసింది.

"అంటే అక్కా, నేను లావెక్కలేదా?"

"లేదే తల్లీ. నా కుళ్ళు."

ఆవిడ లోపలికి వెళ్ళి తలుపు వేసేసుకుంది. అత్త మెట్టుమీద కూలబడింది. ఆ కాసేపూ మేమిద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకోలేకపోయాం.

తలుపు తెరుచుకుంది. పట్టుగౌను వచ్చి అత్త ఒళ్ళో పడింది.

"విప్పు."

అత్త కుట్టు తిరగేసి చూసి ఏడ్చేసింది. లోపల గుడ్డ బోలెడంత ఉంది. ఆనాడు అంత కడుపుమంటలోనూ అత్తకు దాన్ని కత్తిరించడానికి చెయ్యి రాలేదు. పళ్ళతో దారం తెంపి గబగబా విప్పసాగింది. ఇంతలో చర్చి గంట మోగింది.

"ఇంకా ఇక్కడేనా? ఫాదరుగారు వెళ్ళిపోతారు, నడు!" తోటికోడలు గౌను లాక్కుంది.

అత్త వీధిలోకి ఒకటే పరుగు. మలుపు తిరగబోతుంటే పైనుంచి కేక వినిపించింది.

"అక్కా! ఈ రాత్రికి నాక్కూడా వండు!"