చీరల దుకాణంలో పురుగుల కచేరి

ఆ రోజుల్లో దిల్‌సుఖ్‌నగర్‌లో ఏ పని మీద బయలుదేరినా ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటే: ఇవాళ ఏం బందు? బస్సులా, దుకాణాలా, కాలేజీలా, అన్నీనా? తెలంగాణ ఉద్యమం ఊపు మీద ఉన్న కాలం. నేనొక దినపత్రికలో కొత్తగా చేరిన విలేకరిని. కృష్ణా జిల్లా నుంచి వచ్చి రెండేళ్ళు. బందు వార్తలు రాసి రాసి, లోకంలో నాకు తెలియని సంగతి లేదన్న నమ్మకం బాగా కుదిరిన వయసు. (ఆ నమ్మకం పోవడానికి మరో పదేళ్ళు పట్టింది.)

సరూర్‌నగర్ చెరువు వైపు ఒక గది కిరాయికి తీసుకుని, బొమ్మల కాలేజీలో చదివే పోచంపల్లి నేతవాళ్ళ కుర్రవాడితో కలిసి ఉండేవాణ్ణి. అందరం అతణ్ణి ఆర్టిస్టు అనే పిలిచేవాళ్ళం. ఒకరోజు రెండు వెదురు తట్టల నిండా పట్టుపురుగులు తెచ్చి నా మంచం పక్కన పెట్టి, ఇదే నా ఆర్టు అన్నాడు. వీటిని చూసి బొమ్మ వేస్తావా అని అడిగితే కాదట, పురుగులే ఆర్టట. అవి ఆకు తినేటప్పుడు చప్పుడవుతుంది, తట్టల కింద చిన్న చిన్న మైకులు అతికించి ఆ చప్పుడును స్పీకర్లలో వినిపిస్తాడట. జనం మసక చీకట్లో కూర్చుని, పచ్చి ఆకు వాసన పీలుస్తూ వినాలట. అప్పటికి నాకు ఆర్టంటే చట్రం కట్టి గోడకు తగిలించేది. అయినా విలేకరిని కదా, అన్నీ తెలిసినట్టే తలూపాను. దేనికి తలూపానో మర్నాడు తెలిసింది. దోమల బత్తి పొగ తగిలితే పురుగులు చచ్చిపోతాయట. చెరువు పక్క గదిలో మూడు వారాలు బత్తి లేకుండా పడుకున్నాం. కళ కోసం రక్తం ధారపోశానని నేనెక్కడైనా అంటే, అది అలంకారం కాదని గమనించాలి.

అసలు చిక్కు ఆర్టిస్టు పెద్దబాపుతో, అంటే వాళ్ళ పెదనాన్నతో, వచ్చింది. ఆయనకు దిల్‌సుఖ్‌నగర్ బజారులో పట్టుచీరల దుకాణం. ఆర్టిస్టును చదివిస్తున్నది ఆయనే. పురుగుల సంగతి చెవిన పడగానే, సమ్మెతో దుకాణం ఎట్లాగూ మూసే ఉంది, ఆదివారం నీ తమాషా అక్కడే పెట్టు, నేనూ చూస్తానన్నాడు. బాగుంటే చదువు సాగుతుంది, లేకుంటే సోమవారం నుంచి చీరలు మడత పెట్టాలి. ఆర్టిస్టు ఒప్పుకున్నాడు. ఒప్పుకున్నాక రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. వాడి వంతు కూడా పురుగులే తిన్నట్టున్నాయి, ఆదివారం పొద్దున చూస్తే ఆకు అయిపోయింది.

గూడు కట్టబోయే ముందు ఆ పురుగులకు తినడం తప్ప వేరే పని ఉండదు. ఆకు లేకపోతే చప్పుడు లేదు, చప్పుడు లేకపోతే ఆర్టు లేదు. మల్బరీ ఆకు హయత్‌నగర్ అవతల ఒక రైతు తోట నుంచి రావాలి. మధ్యలో ఎల్బీనగర్ చౌరస్తాలో రాస్తారోకో. నా బండికి ప్రెస్ అని స్టిక్కరుంది, నేను తెస్తానన్నాను, యుద్ధానికి వెళ్ళేవాడిలా.

వెళ్ళేటప్పుడు స్టిక్కరు చూసి వదిలేశారు. వచ్చేటప్పుడు వెనక గోనెసంచి చూసి ఆపారు. నడిరోడ్డు మీద పొయ్యిలు పెట్టి వంటావార్పు జరుగుతోంది. ఒక యువకుడు సంచిలో ఏముందన్నాడు. ఆకు అన్నాను. ఎవరికన్నాడు. పురుగులకన్నాను. అతను స్నేహితులను పిలిచాడు. నేను సమకాలీన కళ గురించి, ప్రాణులూ యంత్రాలూ ఇంద్రియాలూ కలిసే చోటు గురించి ఉపన్యాసం ఎత్తుకున్నాను. నేను విడమరిచిన కొద్దీ గుంపు పెరిగింది. నా యాస పట్టేస్తారేమోనన్న భయంతో, గదిలో నేర్చుకున్న తెలంగాణ మాటలన్నీ ఒకేసారి వాడేశాను. గంటె పట్టుకున్న ఒక పెద్దావిడ నా వంక జాలిగా చూసింది.

"నీ మాటనే మాట్లాడు బిడ్డా. మంచిగనే సమజైతది."

"అమ్మా, పొద్దుటి నుంచి అవి ఏమీ తినలేదండీ," అన్నాను. "ఇవాళ తినకపోతే మావాడి చదువు ఆగిపోతుంది."

అప్పుడు చర్చ మొదలైంది. పాలకు దారి ఇస్తున్నారు, దవాఖాన బండ్లకు ఇస్తున్నారు, గడ్డి బండికి కూడా ఇచ్చారు. మరి పురుగులు పశువుల లెక్కలోకి వస్తాయా రావా? రెండు పక్షాలూ గట్టిగానే వాదించాయి. ఆవిడ అన్నం కలియబెడుతూనే తీర్పు చెప్పింది.

"మనం ఒండుకుంట కూసున్నం. ఇంకొకల తిండి ఆపుతమా? పోనియ్యిండ్రి."

అంతటితో ఊరుకోక, ఎండకు వాడిపోతుందని సంచి మీద నీళ్ళు చల్లబోయింది. తడి ఆకు తింటే రోగం వస్తుందని నేను ఆమె చేతులు పట్టుకున్నంత పని చేశాను. మస్తు నకరాలున్నయి నీ పురుగులకు అంది. నా మాట నమ్మని యువకులిద్దరు, కళ్ళారా చూస్తామని తమ బండి మీద నా వెనకే వచ్చారు.

దుకాణం షట్టరు సగం దించి ఉంది. జనం వంగి లోపలికి వస్తున్నారు. కొనేవాళ్ళు కూర్చునే తెల్ల పరుపుల మీద ఇరుగుపొరుగు దుకాణాలవాళ్ళు పదిమంది సర్దుకున్నారు. ఆర్టిస్టు ఆకు పరిచాడు. స్పీకర్లలో గరగర తప్ప ఏమీ లేదు. పెద్దబాపు గొంతు సవరించుకున్నాడు. సరిగ్గా అప్పుడు స్పీకర్లలో టప్‌మని ఒక చినుకు. ఇంకొకటి. పది. ఆ తర్వాత రేకుల కప్పు మీద పడ్డట్టు ఎడతెగని వాన. బయట ఎండలో ఉన్న ఇస్త్రీ బండి ఆయన నిజం వానే అనుకుని, మడత పెట్టిన బట్టలను గబగబా అరుగు మీదికి చేర్చాడు.

పెద్దబాపు లేచాడు. తిట్టడానికే అనుకున్నాను. వెళ్ళి ఫ్యాను ఆపాడు. వచ్చి బాలీసుకు ఆనుకుని కళ్ళు మూసుకున్నాడు. అలా వింటూనే అన్నాడు: "మా తాత నేసిండు, నాయిన నేసిండు, నలభై ఏండ్ల సంది నేను అమ్ముతున్న. దారం బెంగుళూరు నుంచి ఒస్తుండె. గీ పురుగును ఎవ్వలం సూడలే." తర్వాత చెప్పులేసుకుంటూ, "ఆపకురా, మీ పెద్దమ్మను తోలుకొస్త. నువ్వు చదువుకో తియ్యి," అన్నాడు.

ఆర్టిస్టు నన్ను పట్టుకుని ఏడ్చాడు. సాయంత్రం దాకా షట్టరు కింద నుంచి జనం వస్తూనే ఉన్నారు. ఆ విజయంలో నా వాటా నేను వదులుకోదలచలేదు. నడుమ నిలబడి, వచ్చిన ప్రతివాళ్ళకూ దీన్ని ఎలా అర్థం చేసుకోవాలో చెప్పడం మొదలుపెట్టాను. నా వెంట వచ్చిన యువకులిద్దరూ అప్పటికే పరుపు మీద వెల్లకిలా పడుకుని ఉన్నారు. ఒకతను కళ్ళు తెరవకుండానే, "అన్నా, జర ఊకో. ఇననియ్యి," అన్నాడు. నాకు ఎంత కోపం వచ్చిందో చెప్పలేను. ఆకు తెచ్చినవాడికి ఇదా మర్యాద అని వారం రోజులు గొణుక్కున్నాను. ఇప్పుడు తలచుకుంటే, ఆ దుకాణంలో అంత వాన కురిసినా తడవకుండా నిలబడ్డవాణ్ణి నేనొక్కణ్ణే. ఇప్పుడైతే ఎవరూ చెప్పకముందే ఆ ఇద్దరి పక్కన చోటు చూసుకుని పడుకునేవాణ్ణి.