స్విచ్చి ఆపినా వేలాడిన రేకు

పాత ఇనుము యార్డులో క్రేను నడిపే ఆయన్ని అందరూ సూదంటు అంటారు. క్రేను కొసన బండిచక్రమంత కరెంటు అయస్కాంతం. స్విచ్చి వేస్తే తుక్కు ఎగిరి అతుక్కుంటుంది, ఆపితే రాలిపడుతుంది. పొద్దస్తమానం అదే చూసినవాడికి లోకమంతా అలాగే కనబడడంలో వింతేముంది? చేపలు పట్టేవాణ్ణి అడగండి, ఆకాశం కూడా వలేనంటాడు.

"ఉన్నవి రెండే సూత్రాలు," అనేవాడు భార్యతో. "లాగడం, తోయడం. చుక్కలైనా చుట్టాలైనా అంతే."

"ఎందుకు లాగుతుందట?"

"లాగే గుణముంది కాబట్టి."

"బాగుంది సంబడం! పిల్లాడెందుకు ఏడుస్తున్నాడంటే ఏడుపుగొట్టు కాబట్టి అన్నట్టుంది. స్విచ్చి వేస్తే పుట్టేది అన్నిటికీ మూలమెలా అవుతుందయ్యా? దాని వెనక ఇంకేదో ఉండాలి."

సూదంటు చెప్పులేసుకుని బయటికి పోయేవాడు.

ఆయన తమ్ముడు అదే యార్డులో గ్యాసుమంటతో ఇనుము కోస్తాడు. క్రేను నేర్పమని అడిగితే, "నీ చేతికి నిదానం లేదురా" అన్నాడు సూదంటు, నలుగురిలో. అంతే, మాటలు బందు. అన్న హారన్ కొడితే తమ్ముడు తలెత్తడు. ఇదీ తోపుడే అని సూదంటు దాన్నీ తన సూత్రంలో కలిపేశాడు.

కరెంటు ఆపినా అయస్కాంతంలో కాస్త లాగుడు మిగులుతుంది. అందుకే ఆపాక ఒక్క క్షణం కరెంటును ఎదురు తిప్పాలి. అప్పుడుగానీ చివరి ముక్క వదలదు. ఒకరోజు ఉదయం లారీలో తుక్కు వదిలి, ఏదో ఆలోచనలో ఆ పని మరిచి, క్రేనును వెనక్కి తిప్పాడు. తీరా చూస్తే అయస్కాంతం కింద తలుపంత రేకు, ఒక అంచుతో మాత్రం అంటుకుని ఊగుతోంది. సరిగ్గా దాని కింద తమ్ముడి వంగిన వీపు.

క్రేను కదిపితే కుదుపుకే ఊడుతుంది. కదపకపోయినా ఊడుతుంది. హారన్ కొట్టాడు. తమ్ముడు మరింత వంగాడు. మళ్ళీ కొట్టాడు. గ్యాసుమంట అలాగే బుస్సుమంటోంది. రేకు అంచు జానెడు జారింది.

చెయ్యి తనంతట తానే స్విచ్చి వేసింది. టప్పున రేకు అతుక్కుంది. క్రేనును అంగుళం అంగుళంగా ఖాళీ జాగాకి తిప్పి, రేకును కింద పడేశాడు.

ఆ చప్పుడుకి తమ్ముడు తిరిగాడు. క్రేను దిగుతున్న అన్న మీదికి వచ్చాడు.

"ఏంటన్నయ్యా ఆ హారను? మళ్ళీ పెత్తనమా?"

సూదంటు రేకును చూపించాడు. తమ్ముడు దాన్ని చూశాడు, పైకి చూశాడు.

"నా నెత్తి మీదుందా? కరెంటు లేకుండా?"

"ఉంది."

"ఎలా నిలబడిందది?"

మిగులు లాగుడు అనబోయాడు. భార్య గొంతు గుర్తొచ్చింది. అది పేరే కదా, జవాబు కాదు.

"తెలీదురా," అన్నాడు. ఇంకా వణుకుతున్న చేతిని చంకలో దాచుకుని, "పైకి రా, నేర్పుతాను. ముందు స్విచ్చి ఆపాక చెయ్యాల్సింది నేర్చుకో."