నాయన పనిచేసిన లాంచీ

మా నాయన యుద్ధంలో లాంచీ మీద పనిచేశాడు. ఆ మాట చెప్పినందుకు బతికినన్నాళ్లూ ఊళ్లో నవ్వులపాలయ్యాడు, ఇంట్లో అబద్ధాలకోరు అయ్యాడు.

మాది దుమ్ముగూడెం దగ్గర గోదావరి ఒడ్డు. మాకు లాంచీ అంటే ఒకటే. రాజమండ్రి నుంచి కొండల మధ్యగా పొగ కక్కుతూ పైకి వచ్చే పడవ. భద్రాచలం వెళ్లే యాత్రికులనూ, మేకలనూ, చింతపండు బస్తాలనూ కలిపి కుక్కి తెచ్చేది. దాని మీద టికెట్లు చింపేవాడు ఒకడు, ఒడ్డుకు తాడు విసిరేవాడు ఒకడు ఉండేవారు. అలాంటిదాని మీద యుద్ధం చేశానంటే ఎవరు నమ్ముతారు?

పెళ్లయిన కొత్తలో నాయన టేకు దుంగలను తెప్పలుగా కట్టి నీళ్ల మీద రాజమండ్రికి దించే పని చేసేవాడు. ఒకసారి అలా వెళ్లినవాడు తిరిగి రాలేదు. అక్కడ సైన్యంలోకి మనుషులను తీసుకుంటుంటే, నీళ్ల మీద పని తెలిసినవాడని ఆయన్నీ తీసుకున్నారట. ఉత్తరం రాయడం ఆయనకు రాదు, వచ్చినా చదవడం అమ్మకు రాదు. తెల్లవాళ్ల యుద్ధం ముగిశాకే ఇంటికొచ్చాడు. అన్నేళ్లూ అమ్మ తన తమ్ముడి ఇంట్లో వాళ్ల గొడ్లకు మేత వేసి, వాళ్ల అంట్లు తోమి బతికింది. మొగుడు వదిలేసినదని పేరంటాలకు కూడా పిలిచేవారు కాదు.

"ఇన్నేండ్లు యాడ సచ్చినవ్?" అని అమ్మ అడిగితే, "లాంచీ మీద పనిచేసిన, బర్మా దిక్కు" అన్నాడట. అమ్మ లాంచీ అన్నంతవరకే విన్నది. లాంచీ అంటే రాజమండ్రి. రాజమండ్రి అంటే ఇంకొక ఆడది. ఆ లెక్క ఆమె మనసులో అప్పుడే తేలిపోయింది. నేను ఆ తర్వాత పుట్టాను. ఊహ తెలిసినప్పటి నుంచి మా ఇంట్లో ఆ రాజమండ్రి ఆమె కూడా మాతో పాటే కాపురం చేసింది.

డెబ్బైలలో మా చెల్లెలి పెళ్లి జరిగింది. భోజనాల బంతిలో మా మేనమామ అందరికీ వినబడేటట్టు అడిగాడు.

"బావా, ఆ జపానోళ్లు టికెట్టు కొని ఎక్కిన్రా, ఊకెనే ఎక్కిన్రా?"

"వాళ్లు ఎక్కలేదురా" అన్నాడు నాయన శాంతంగా. "మేమే రాత్రిపూట పాయలల్లకు పొయ్యి వాళ్లను ఎతికేటోళ్లం."

"రాత్రిపూట ఎతికినవా? అవ్, ఆ సంగతి మా అక్కకు ఎరికేలే!"

పందిరంతా పగలబడి నవ్వింది. వడ్డిస్తున్న అమ్మ మాత్రం నవ్వలేదు. నాయన విస్తరి దగ్గరికి వచ్చి, పప్పు వేయకుండానే దాటిపోయింది.

"లాంచీల కిందంత పెట్రోలు. మమ్ములను బీడీ కూడ ముట్టియ్యనియ్యలే" అన్నాడు నాయన, ఎవరితోనూ కాకుండా.

"లాంచీకి పెట్రోలంట! ఇంకా నయం, అత్తరు పోసి నడిపిన అనలే" అన్నాడు మేనమామ.

నాయన విస్తరి ముందు నుంచి లేచిపోయాడు. ఆ తర్వాత యుద్ధం ఊసు ఎత్తగా నేను వినలేదు. కొన్నేళ్లకు కామెర్లు వచ్చి భద్రాచలం దవాఖానాలో చనిపోయాడు. శవాన్ని ఇంటికి తెచ్చినప్పుడు అమ్మ గుమ్మంలో నిలబడి, "పో, ఆమె దగ్గరికే పో" అన్నది. వచ్చినవాళ్లు తలలు దించుకున్నారు గానీ, అది తప్పని ఒక్కరూ అనలేదు.

నేను హాస్టల్లో వంట చేసేదాన్ని. నలభై దాటాక, పిల్లలు తిని లేచిన వరండాలోనే చదువురాని మాలాంటి ఆడవాళ్లకు రాత్రిబడి పెట్టారు. చదువొస్తే ఏం చేస్తారని పంతులమ్మ అడిగింది. ఒకామె బస్సు బోర్డు చదువుతానంది, ఇంకొకామె రేషన్ షాపువాణ్ణి నిలదీస్తానంది. యుద్ధంలో లాంచీలు ఉన్నాయో లేదో చూస్తానన్నాను నేను. పంతులమ్మ కూడా నవ్వింది.

కూడబలుక్కుని చదవడం రాగానే భద్రాచలంలో లైబ్రరీకి వెళ్లాను. యుద్ధంలో పడవల గురించి పుస్తకం కావాలంటే అక్కడి ఆయన నన్ను కింది నుంచి మీది దాకా చూశాడు.

"నీకెందుకమ్మా అయ్యి? వంటల పుస్తకముంది, ఇయ్యనా?"

"వంట నాకొచ్చు సార్. పడవలయే ఇయ్యండి."

ఇచ్చిన పుస్తకాల నిండా పెద్ద ఓడలే. మునిగిన ఓడలకు పేర్లున్నాయి, ముంచిన ఓడలకు పేర్లున్నాయి. వాక్యం చివరికి వచ్చేసరికి మొదలు మరిచిపోయే చదువు నాది. వేలు పెట్టి ఒక్కొక్క పేజీ దాటడానికి ఎన్నో సెలవులు పట్టాయి. లాంచీ అన్న మాట ఎక్కడా దొరకలేదు. మేనమామే నిజమేమో అనిపించిన రోజులూ ఉన్నాయి.

నేవీలో ఇంజన్ల దగ్గర పనిచేసి రిటైరైన ఒకాయన ఖమ్మంలో చర్చి వెనక ఉంటాడని మా వార్డెన్ చెబితే, బస్సెక్కి పోయాను. ఆయన నన్ను కుర్చీలో కూర్చోబెట్టాడు.

"మీ నాయన ఏమన్నడో, ఆయన అన్నది అన్నట్టు చెప్పమ్మా."

"లాంచీ అన్నడు సార్. అందరు నవ్విన్రు."

ఆయన నవ్వలేదు. లోపలికి వెళ్లి ఒక లావుపాటి ఇంగ్లీషు పుస్తకం తెచ్చి, బొమ్మ ఉన్న పేజీ తీశాడు. "దాని పేరే లాంచ్. మోటార్ లాంచ్. ఇంగ్లీషోళ్లు పెట్టిన పేరే గది. చెక్క పడవ, ముందల తుపాకి, ఎనక నీళ్లల్ల ఏసే బాంబులు. బర్మా ఒడ్డున పాయలల్ల చీకట్ల కాపలా తిరిగేటియి."

"పెట్రోలా సార్, డీజిలా?" అన్నాను నేను.

"ఇగో, ఈ రకానికి పెట్రోలే. కిందంత ట్యాంకులు. ఒక్క నిప్పురవ్వ పడితే మొత్తం బూడిదే."

మేనమామ అప్పటికే చనిపోయాడు. ఆ మాట ఆయన చెవిలో వేసే అవకాశం లేకుండా పోయినందుకు నాకు కలిగినంత బాధ, ఆయన చచ్చినప్పుడు కలగలేదు.

పడవ నడిపిన మనుషుల పేర్లు చదవమన్నాను. ఆయన చదివాడు. అందరూ తెల్ల ఆఫీసర్లే. ఎవరిది ఏ ఊరో, యుద్ధానికి ముందు ఏ ఉద్యోగమో కూడా రాశారు. మనవాళ్లవి అడిగితే పేజీలు అటూ ఇటూ తిప్పి, "సిబ్బందిల ఇండియన్లు కూడ ఉన్నరని ఒక్క ముక్క ఉందమ్మా" అన్నాడు. ఆయన చెప్పిన నేవీ రికార్డుల ఆఫీసుకు నా చేతితో ఉత్తరం రాశాను. సర్వీసు నంబరు లేనిదే ఏమీ చెప్పలేమని జవాబు వచ్చింది. నాయన తెచ్చుకున్న, మా ఇంట్లో ఎవరూ చదవలేని కాగితాలు ఎప్పుడో గోదావరి వరదకు పోయాయి.

అయినా అమ్మకు చెప్పాలనుకున్నాను. ఆమె పోయేలోపల ఆయన్ని ఒక్కసారి నమ్మితే చాలు, నేను చదువుకున్నందుకు ఫలితం దక్కినట్టే. అప్పుడామె నా దగ్గరే ఉంటోంది. అరుగు మీద చింతపండులో గింజలు తీస్తుంటే పక్కన కూర్చుని అంతా చెప్పాను.

"బుక్కుల మీ నాయన పేరుందా?" అన్నది.

"లేదు. లాంచీ ఉంది."

"పేరు లేదు గదా."

"మనోళ్ల పేర్లు ఎవరియి లేవమ్మా. బర్మా, పాయలు, పెట్రోలు, అన్ని నాయన చెప్పినట్టే ఉన్నయ్."

ఆమె చేతులు ఆగిపోయాయి. "అంటే, గా రాజమండ్రి ముండ లేదంటవా?"

"లేదమ్మా."

"మరి ఇన్నేండ్లు నేను ఎవర్ని తిట్టిన?"

చేతిలోని చింతపండును చాటలో పడేసింది. మళ్లీ ఆమే అన్నది, "ఆయన తినేటప్పుడు నేనొక్కనాడు ఎదురుంగ కూసోలే. కామెర్లతోటి మంచాన వడి నీళ్లడిగితే నిన్ను పంపిన. గిది చెప్పేటందుకానే నువ్వు సదువుకున్నది?"

"అది కాదమ్మా..."

"ఉన్నది. గా రాజమండ్రిది ఉన్నదే. ఇంకోపాలి నా ముందల లాంచీ అన్నవంటే ఈ ఇంట్ల మెతుకు ముట్ట."

అన్నంత పనీ చేసే మనిషి. ఆ సాయంత్రం పక్కింటామె వస్తే, నాకు వినబడేటట్టు గొంతు పెంచి రాజమండ్రి ఆమె కథ చెప్పింది. అంతకుముందు ఆ కథలో ఆమెకు రంగూ రూపూ ఉండేవి కావు. ఆ రోజు ఆమె తెల్లగా ఉంటుందనీ, ముక్కుకు రెండు వైపులా పుడకలు పెట్టుకుంటుందనీ చెప్పింది. నేను లోపల గంజి వార్చుకుంటూ విన్నాను.

అమ్మ బతికి ఉండగా నాయన మాట మళ్లీ ఎత్తలేదు. ఇప్పుడు ఆమె లేదు గనుక రాస్తున్నాను.