నాటకంలో లేని నడక

నా చిన్నప్పుడు నేను చేసిన పనుల్లో నలుగురికి చెప్పుకోదగ్గవి కొన్ని ఉన్నాయి. ఇది వాటిలోది కాదు. దాచుకుని దాచుకుని విసుగొచ్చి చెబుతున్నాను.

అప్పుడు మేము ఖానాపూర్‌లో నేతగాళ్ళ వాడలో ఉండేవాళ్ళం. పక్కింటి అక్క మగ్గానికి కండెలు చుట్టేది. పసితనంలో ఏ జబ్బు చేసిందో, ఆమె కుడికాలు సన్నబడిపోయింది. వీధిలోకి పోవాల్సి వస్తే గోడ పట్టుకుని, కుచ్చెళ్ళు కాలి మీదికి లాక్కుని, ఎవరి కంటా పడకుండా మెల్లగా పోయేది. మా ఇంటికి వచ్చేటప్పుడు మాత్రం ఆ పట్టింపే లేదు. ఒక చెయ్యి మోకాలి మీద ఆనించి, ఒళ్ళంతా ఊపుకుంటూ, కూనిరాగం తీస్తూ ధీమాగా వచ్చేది. తన ఇల్లు కాకుండా ఆమె అట్లా నడిచిన చోటు మా ఇల్లొక్కటే.

ఎనిమిదో తరగతిలో మాకు ఒక పాత హాస్య నాటకం పాఠంగా ఉండేది. పులిని చంపానని గొప్పలు కొట్టే ఒక పెద్దమనిషి కథ అది. మొదటి అంకంలో ఒక పులిని చంపుతాడు, రెండో అంకానికి అవి మూడవుతాయి, మూడో అంకంలో ఇంట్లో పిల్లి కదిలితే పరుగెత్తి వడ్ల గుమ్మిలో దాక్కుంటాడు. మా తెలుగు సారు దాన్ని పొరలు పొరలుగా విప్పి చెప్పారు. ఒక అబద్ధాన్ని నిలబెట్టుకోవడానికి ఇంకో పెద్ద అబద్ధం ఆడాలి, కథంతా దాని మీదే నడుస్తుంది. వాడు పిరికివాడని చూసే మనకు తెలుసు, పక్కనున్న పాత్రలకు తెలియదు, నవ్వు పుట్టేది అక్కడే. ఓపిక పడితే చివర్న ఆ నవ్వంతా ఒక్కసారే వస్తుంది అనేవారు. పరీక్షలో అదే ప్రశ్న వచ్చింది. అబద్ధాలు పేరుకునేదాకా ఆగాలని, హాస్యం మనిషి గుణంలోంచి పుట్టాలే తప్ప అవకరంలోంచి కాదని రెండు పేజీలు రాసిపారేశాను. సారు మెచ్చుకుని తరగతిలో చదివి వినిపించారు కూడా. చదవేస్తే ఉన్న మతి పోయిందంటారే, ఆ సామెత నా కోసమే పుట్టింది.

ఆ యేడు బడి వార్షికోత్సవానికి ఆ నాటకమే ఆడించారు. పెద్దమనిషి వేషం నాది. అక్క తన పెనిమిటి రుమాలు తెచ్చి పొద్దున్నే నా తలకు పాగా చుట్టింది. ఎన్నడూ జనంలోకి రాని మనిషి నా ఆట చూడాలని మధ్యాహ్నం బడి ఆవరణలోకి వచ్చి, ముందు వరసలో చాప మీద కూర్చుంది.

మొదటి అంకం అయిపోయింది. ఒక్కరూ నవ్వలేదు. అబద్ధాలు పేరుకునేదాకా ఆగాలని రాసిన దాన్ని నేనే, తీరా ఆగలేకపోయింది కూడా నేనే. చప్పట్లు రావేమోనని భయం పట్టుకుంది. రెండో అంకంలో మోకాలి మీద చెయ్యి ఆనించి, ఒళ్ళు ఊపుకుంటూ నడిచాను.

ఆవరణంతా గొల్లుమంది. వెనక నుంచి ఎవరో "అగో, కండెలు చుట్టే ఆమె!" అని కేకేశారు. ఆ నవ్వుకు నాకు ఒళ్ళు తెలియలేదు. ఇంకో రెండు చుట్లు తిరిగాను, కూనిరాగం కూడా తీశాను. అప్పుడు చూశాను అక్క వైపు. అందరితో పాటు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఆమె కూడా నవ్వుతోంది. నవ్వుతూనే ఇంకో చేత్తో కుచ్చెళ్ళు కాలి మీదికి లాక్కుంటోంది. తర్వాత ఎట్లా ఆడానో, ఏం మాట్లాడానో నాకు గుర్తు లేదు.

ఇంటికి రాగానే, ఆట చూసొచ్చిన అవ్వ, అంటే మా అమ్మ, వీపు మీద ఒక్కటి చరిచింది. "నీ బుద్ధిల మన్నువడ! నమ్మి మనింట్ల నడిచిన నడకను బజార్ల వెడతవానె?" అంది. ఆ దెబ్బ నొప్పి పెట్టలేదు, ఆ మాటకు తల కొట్టేసినట్టయింది.

మర్నాడు రుమాలు తిరిగి ఇవ్వడానికి పోయాను. తిడుతుందనుకున్నాను, తిడితే ఏడ్చి బయటపడొచ్చనుకున్నాను. అక్క తిట్టలేదు. "జర గా నాటకం పుస్తకం దెచ్చి సదువు బిడ్డా, ఆడ లొల్లిల నాకు మంచిగ ఇనవడలే" అంది. అక్షరం రాని మనిషి, రాట్నం ఆపి, మొదటి నుంచి చివరిదాకా విన్నది. ఒక పులి మూడు పులులైనప్పుడు నవ్వింది. గుమ్మి దగ్గరికి వచ్చేసరికి కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. నేను మాత్రం పుస్తకంలోంచి తల ఎత్తలేదు.

"మస్తున్నది గద! మరి గిండ్ల వాని కాలు మంచిగనే ఉందిగదనే," అంది. "పడుగుల లేని పోగు నువ్వెందుకు అతికినవ్? అబద్ధం వాడు జేసుకున్నది, నవ్వాలె. కాలు ఎవ్వలు జేసుకున్నరు బిడ్డా?"

నా రెండు పేజీల జవాబు ఆమె రెండు ముక్కల్లో చెప్పేసింది. నేల చీలితే బాగుండుననిపించింది. పొయ్యి మీద ఎసరు పొంగుతుంటే అక్క లేవబోయి, నన్ను చూసి మళ్ళీ కూర్చుంది. "నువ్ పో బిడ్డా, నేను తర్వాత లేస్త" అంది. ఆమె గొంతులో కోపం లేదు. ఉంటే ఎంత బాగుండేది!

ఆ తర్వాత కూడా మా ఇంటికి వచ్చింది, కానీ గోడ పట్టుకుని వచ్చింది. రెండేళ్ళకు వాళ్ళు మరమగ్గాల పని వెతుక్కుంటూ బొంబాయి దగ్గరి భివండికి తరలిపోయారు. మూట మోసుకుని బస్సు దాకా నేనూ పోయాను. "నువ్ ముందట నడువు" అంది అక్క. వెనక ఆమె అడుగు ఈడ్చుకుంటూ రావడం వినపడుతూనే ఉంది. ఒక్కసారీ తిరిగి చూడలేదు నేను.

తర్వాత నేనూ పంతులమ్మనై ఎన్నో నాటకాలు పాఠం చెప్పాను. హాస్యం దగ్గరికి వచ్చినప్పుడల్లా అక్క అడిగిన ప్రశ్నే పిల్లల్ని అడిగాను. వాళ్ళు టకటకా జవాబు చెప్పేవాళ్ళు, నేను తలెత్తి వాళ్ళ ముఖాలు చూడలేకపోయేదాన్ని. ఆ రోజు బస్సు ఎక్కేముందు అక్క నా చెయ్యి పట్టుకుని ఒక్క క్షణం ఆగింది. నేను ఏదైనా అంటానని ఆగిందేమో. తప్పయింది అక్కా, అంతే, రెండే మాటలు. ఇన్నేళ్ళయినా అవి నా నోట్లోనే ఉన్నాయి.