నమూనా నగరంలో చెట్లు

ఆఫీసులో అందరూ ఆయన్ని అట్టల మేస్త్రి అనేవారు. నగరంలో రాబోయే ఆకాశహర్మ్యాలకు అట్టతో, ప్లాస్టిక్కుతో నమూనాలు చేయడం ఆయన పని. ఇంకా తట్టెడు మట్టయినా ఎత్తని టవర్లు ఆయన బల్లమీద మోకాలెత్తున లేచి నిలబడేవి. "పునాది లేకుండా కట్టేది మన మేస్త్రి ఒక్కడే" అని తోటివాళ్లు ఏడిపించేవారు.

చెట్లు మాత్రం ఆయన భార్య చేసేది. స్పాంజి తురిమి, ఆకుపచ్చ రంగులో ముంచి, సన్నటి తీగలకు అంటించి వంటింటి కిటికీలో ఆరబెట్టేది. "మేడలు మీరు కట్టండి, నీడ సంగతి నేను చూసుకుంటా" అని నవ్వేది.

ఆమె ఆఖరిగా చేసింది నది ఒడ్డున రాబోయే పెద్ద పార్కుకు చెట్లు. అప్పటికే జబ్బు ముదిరింది. దిండుకు ఆనుకుని, వణికే వేళ్లతోనే ఒక్కో చెట్టూ చుట్టింది.

"ఇంక చాల్లే, పడుకో" అన్నాడు మేస్త్రి.

"మరి పిల్లలు ఎండలో ఆడుకుంటారా ఏంటి?" అని కసిరింది.

బల్లమీద నమూనా పార్కు పూర్తయింది. ఆ వానాకాలం దాటకుండానే ఆమె వెళ్లిపోయింది.

ఏడాది తిరిగాక ఇంజినీరు కొత్త ప్లాను పట్టుకొచ్చాడు. ఆ చెట్లు ఎవరు చేశారో ఆయనకూ తెలుసు. ప్లాను చుట్ట విప్పకుండానే చెప్పాడు.

"మేస్త్రీ, పార్కు తీసేశారు. అక్కడ ఇంకో టవరొస్తోంది. సోమవారం పెద్దవాళ్లు చూడ్డానికొస్తారు."

"ఓ మూలైనా ఉంచలేదా సార్?"

"అడిగాను. గోడకి చెప్పినట్టయింది. చెట్లు ఇంకెవరితోనైనా తీయిస్తాలే, మీరు ఇంటికెళ్లండి."

"వద్దు సార్. వేరేవాళ్లయితే విరిచేస్తారు."

పట్టకారుతో ఒక్కొక్కటే లాగాడు. అంత జాగ్రత్తపడ్డా కొన్ని తెగిపోయి, మొదళ్లు అడుగు చెక్కలోనే ఉండిపోయాయి. వాటి మీదే టవరు నిలబెట్టాడు. అద్దంలా మెరిసే రేకును దానికి ముడత లేకుండా అతికించాడు. సోమవారం వచ్చినవాళ్లు భేష్ అన్నారు, ఫొటోలు తీసుకున్నారు. మేస్త్రి చేతులు కట్టుకుని వెనకాల నిలబడ్డాడు.

మిగిలిన చెట్లను అట్టపెట్టెలో ఇంటికి తెచ్చాడు. కూతురు మూత తీసి, ఒక చెట్టును అరచేతిలో పెట్టుకుంది.

"అమ్మ పార్కులో ఏం కడతారంట నాన్నా?"

"టవరు."

"బాగుంటుందా?"

"బాగుంటుందమ్మా. నేనే చేశాగా..."

భార్య పోయిన రోజున గుండె రాయి చేసుకుని అందరినీ ఓదార్చిన మనిషి, కూతురి ముందు చిన్నపిల్లాడిలా బావురుమన్నాడు.